కొల్లేటికి ఊపిరాడాలి!

చేపలకు పేరుమోసిన సరస్సు... ఆ చేపల చెరువుల గట్ల మధ్యే నలిగిపోయింది. వచ్చే నీరు మురికిది, పోయే దారి ఇరుకుది. మధ్యలో పక్షులు, పడవలు, లంక గ్రామాలు. కొల్లేరు బతకాలంటే ముందు అందులో నీరు కదలాలి.

తెల్లవారుజాము. కైకలూరు దాటి కొల్లేటి లంకల వైపు వెళ్లే దారి. రెండువైపులా చేపల చెరువులు. ఆ చీకట్లో టార్చిలైటు పట్టుకుని గట్టు మీద నడుస్తూ ఉంటాడు కాపలాదారు. అతని కళ్లు దొంగల కోసం వెతకడం లేదు... చేపల కోసం చూస్తున్నాయి. లైటు పడగానే చేపలు చటుక్కున నీళ్లలోకి మునిగితే ఫర్వాలేదు. మునగకుండా, మూతులు పైకి పెట్టి గుటకలు వేస్తూ అక్కడే తిరుగుతుంటే మాత్రం ఇక పరుగే. ఏరియేటర్లు తిప్పాలి, కొత్తనీరు పెట్టాలి, యజమానికి ఫోను చేయాలి. కాస్త ఆలస్యమైతే తెల్లారేసరికి చెరువంతా తెల్లటి పొట్టలతో తేలిపోతుంది. నెలల కష్టం, లక్షల పెట్టుబడి ఒక్క పూటలో పోతాయి.

నీటిలో ప్రాణవాయువు పడిపోతే జరిగేది ఇదే. చెరువైతే మోటారు పెట్టి గాలి కొట్టించవచ్చు. మరి వందల చదరపు కిలోమీటర్ల కొల్లేటికే ఊపిరాడకపోతే?

వచ్చే దారులు అరవై... పోయేది ఒక్కటే

ఏదైనా ఎడతెగకుండా సాగితే 'కొల్లేటి చాంతాడు' అంటాం. ఆ సరస్సు అంతటిదన్నమాట. కృష్ణా, గోదావరి డెల్టాల మధ్య సహజంగా ఏర్పడిన పల్లం కొల్లేరు. దేశంలోని పెద్ద మంచినీటి సరస్సుల్లో ఒకటి. ఒకప్పుడు కృష్ణా, పశ్చిమగోదావరి జిల్లాల మధ్య పరుచుకుని ఉండేది. 2022లో జిల్లాలను విడదీశాక చాలాభాగం ఏలూరు జిల్లాలోకి వచ్చింది.

విస్తీర్ణం పెద్దదే కానీ లోతు పెద్దగా ఉండదు. చాలాచోట్ల నడుము లోతు, మహా అయితే తలమునక. ఇంత తక్కువ లోతున్న సరస్సు వేల ఏళ్లు ఎలా నిలిచింది? రహస్యమంతా నీటి రాకపోకల్లోనే ఉంది. ఎగువ నుంచి బుడమేరు, తమ్మిలేరు, రామిలేరు, గుండేరు వచ్చి కలుస్తాయి. వీటికి తోడు డెల్టా పొలాల నీటిని మోసుకొచ్చే మురుగు కాల్వలు. అన్నీ కలిపి అరవై పైచిలుకు దారుల్లో కొల్లేటికి నీరొస్తుంది. బయటికి వెళ్లే దారి మాత్రం ఒక్కటే. అదే ఉప్పుటేరు. అరవై కిలోమీటర్లకు పైగా వంకర్లు తిరుగుతూ వెళ్లి బంగాళాఖాతంలో కలుస్తుంది.

వానాకాలంలో వచ్చిన వరదను కొల్లేరు తన కడుపులో దాచుకుంటుంది. నెమ్మదిగా సముద్రానికి వదులుతుంది. ఆ మధ్యలో మట్టి అడుక్కి దిగుతుంది. కిక్కిసగడ్డి, తుంగ, తామర నీటిలోని ఎరువుల సారాన్ని పీల్చుకుంటాయి. రెండు డెల్టాలకు వరద నుంచి రక్షణ, నీటికి వడపోత... రెండు పనులూ జీతం అడక్కుండా చేసిపెట్టింది ఈ సరస్సు.

ఆరునెలల నీరు, ఆరునెలల నేల

పాత కొల్లేటి బతుకు నీటితో పాటే పెరిగేది, నీటితో పాటే తగ్గేది. వానలకు నీరెక్కితే చేపలవేట. వేసవికి నీరు తీస్తే బయటపడిన నేలలో దాళ్వా వరి. లంక గ్రామాల మధ్య రాకపోకలు దోనెల మీదే. పెళ్లివారి నుంచి పురిటికి వెళ్లే ఆడపడుచు దాకా అందరూ దోనె ఎక్కాల్సిందే.

ఇక్కడ తరతరాలుగా చేపలవేటే బతుకుగా ఉన్నవారు వడ్డీలు. వారి పనిముట్లలో ముఖ్యమైనవి మావులు. వెదురు బద్దలతో అల్లిన బుట్టల్లాంటివి. సాయంత్రం గడ్డి దుబ్బుల మధ్య నీటి వాలు చూసి పెట్టి వస్తారు. పొద్దున్నే వెళ్లి తీస్తారు. లోపలికి వెళ్లిన చేప బయటికి రాలేదు. పిల్లచేప మాత్రం బద్దల సందుల్లోంచి జారిపోతుంది. రేపటికి మిగలాల్సిన దాన్ని వదిలేసే ఏర్పాటు పనిముట్టులోనే ఉంది!

ఆ మావుల్లో పడేవి కొర్రమీను, మట్టగిడస, మార్పు, గొరక, వాలుగ... వీటిలో వాలుగను మినహాయిస్తే మిగతావాటికి ఓ విశేషముంది. ఇవి నీటిలోని ప్రాణవాయువు మీదే ఆధారపడవు. అప్పుడప్పుడూ పైకొచ్చి గాలి పీల్చుకుంటాయి. గడ్డి కుళ్లిన మడుగుల్లోనూ, ఎండిపోతున్న బురదలోనూ బతకగలవు. కొల్లేటిలాంటి చోటు కోసమే ప్రకృతి తయారుచేసినట్టుంటాయి. అలాంటి మొండి చేపలు కూడా తగ్గిపోయాయంటే సరస్సుకు ఎంత కష్టమొచ్చిందో ఊహించుకోవచ్చు.

కారణం గాలి కాదు... చోటు. కొర్రమీను సంగతే తీసుకోండి. తొలకరికి కొత్తనీరు గడ్డిలోకి ఎక్కగానే అది ఒడ్డువైపు వస్తుంది. లోతులేని నీటిలో గడ్డిని తొలిచి గూడు చేసుకుంటుంది. అక్కడే గుడ్లు పెడుతుంది. పిల్లలు ఎర్రగా, గుంపుగా నీటి మీద తిరుగుతుంటే తల్లీతండ్రీ కింద కాపలా కాస్తాయి. ఒడ్డు అంటే దానికి పురిటిల్లు. ఆ ఒడ్డున నిలువుగా మట్టి గట్టు లేస్తే? తల్లికి గుడ్లు పెట్టే చోటే ఉండదు.

గట్లు లేచాయి

1970ల రెండో సగంలో ప్రభుత్వమే కొల్లేటిలో చేపల చెరువులకు దారి తీసింది. ఉద్దేశం మంచిదే. వరదలకు పంట పోయి, వేట మీద ఆధారపడి అప్పుల్లో ఉన్న కుటుంబాలను సహకార సంఘాలుగా చేర్చి చెరువులు తవ్వించింది. ఓ పక్క సంఘాలకు ఆదాయం కనిపించింది. మరోపక్క ఆ ఆదాయం పెద్దవాళ్ల కంటా పడింది.

ఎనభైల్లో, తొంభైల్లో జరిగిందంతా ఆ చుట్టుపక్కల అందరికీ తెలిసిన కథే. బొచ్చె, శీలావతి పెంపకం బంగారుగనిలా మారింది. చిల్లులు పొడిచిన సంచుల్లో తవుడు నింపి నీళ్లలో గెడలకు కట్టడం, చేపలు వాటి చుట్టూ మూగి తినడం... ఈ పద్ధతి ఇక్కడే పుట్టి పెరిగింది. ఐసు పెట్టెల్లో సర్దిన చేపలు లారీలెక్కి హౌరా, అసోం దాకా వెళ్లాయి. చేపల ఉత్పత్తిలో ఆంధ్రప్రదేశ్ దేశంలోనే మొదటి స్థానానికి చేరిందంటే అందులో కొల్లేటి ప్రాంతం వాటా చిన్నదేమీ కాదు. వేలమందికి పని దొరికింది. వల లాగేవాళ్లు, ఐసు కొట్టేవాళ్లు, లారీ డ్రైవర్లు, మేత వ్యాపారులు... అందరి పొయ్యిలో మంటా ఆ చెరువులే.

అయితే సంఘాల పేరు కాగితం మీదే మిగిలిన చోట్లు చాలా ఉన్నాయి. పెట్టుబడి పెట్టగలిగినవారు లీజుకు తీసుకున్నారు. పేరున్నవాడికి ఏటా కొంత కౌలు, కొన్నాళ్లకు అదే చెరువు మీద కాపలా ఉద్యోగం! లీజుతో ఆగలేదు. సరస్సు మధ్యలోకీ గట్లు పాకాయి. 2001లో తీసిన ఉపగ్రహ చిత్రాన్ని ఆంధ్ర విశ్వవిద్యాలయ శాస్త్రవేత్తలు పరిశీలిస్తే కొల్లేటిలో 1,050 చేపల చెరువులు, మరో 38 ఎండిపోయిన చెరువులు లెక్కతేలాయి. అన్నీ కలిపి సుమారు 103 చదరపు కిలోమీటర్లు. సరస్సు కాస్తా గళ్లనుడికారంలా మారిపోయింది.

నీరు చెడిందిలా...

ఒక చెరువులో ఎక్కువ చేప పండాలంటే నీటిలో ముందు వాటి మేత పండాలి. అందుకోసం పేడ, కోళ్ల ఎరువు, యూరియా, సూపర్ ఫాస్ఫేట్ వేస్తారు. పైన తవుడు, చెక్క. చేప తిన్నంత తింటుంది. మిగిలింది, విసర్జించింది నీటిలోనే ఉంటుంది. పట్టుబడికి నీళ్లు తోడినప్పుడు ఆ సారమంతా బయటి కాల్వలోకి, అక్కణ్నుంచి సరస్సులోకి పోతుంది. ఒక్క చెరువైతే కొల్లేరు లెక్కచేయదు. వందల చెరువులు ఒకేసారి వదిలితే?

నత్రజని, భాస్వరం ఎక్కువైన నీటిలో పాచి పచ్చగా పట్టేస్తుంది. గుర్రపుడెక్క పండగ చేసుకుంటుంది. దక్షిణ అమెరికా నుంచి పువ్వు అందం చూసి తెచ్చుకున్న మొక్క ఇది. అదను దొరికితే రెండు వారాల్లోనే రెట్టింపవుతుంది. నీటి మీద చాప పరిచినట్టు కమ్మేస్తుంది. ఎండ లోపలికి దిగదు. గాలి కలవదు. కింద మొక్కలు చచ్చి కుళ్లుతాయి. కుళ్లడానికీ ప్రాణవాయువే కావాలి. పగలు ఎండలో పాచి వాయువును వదులుతుంది కానీ రాత్రంతా తనే పీల్చుకుంటుంది. అందుకే తెల్లవారుజాముకు నీటిలో వాయువు అడుగంటుతుంది. బొచ్చె, శీలావతి లాంటి చేపలు హాయిగా పెరగాలంటే లీటరు నీటిలో 5 మిల్లీగ్రాముల దాకా ప్రాణవాయువు ఉండాలి. అది రెండుకో మూడుకో పడిందంటే గుటకలు మొదలు. టార్చిలైటు కాపలాదారు భయమంతా ఆ అంకె గురించే.

తప్పంతా చేపల చెరువులదే అంటే అన్యాయం. బుడమేరు దారిలో విజయవాడ ఉంది. తమ్మిలేరు ఒడ్డున ఏలూరు ఉంది. ఆ ఊళ్ల మురుగు, పరిశ్రమల వ్యర్థాలు, డెల్టా పొలాల్లో చల్లిన పురుగుమందులు... అన్నీ పల్లానికే కదా! కొల్లేటి నీటిలో, అడుగు బురదలో పురుగుమందుల అవశేషాలు, భారలోహాల ఆనవాళ్లు ఉన్నట్టు పరిశోధకులు ఎప్పట్నుంచో చెబుతున్నారు. విజయవాడలో ఓ ఇంటి సింకులోంచి జారిన నీరు చివరికి చేరేది కొల్లేటికే. ఆ నీటిలో పెరిగిన చేప మళ్లీ ఆ ఇంటి కంచంలోకే రావచ్చు.

ఇంకో చిక్కు ఉప్పుటేరుతో వచ్చింది. ఆక్రమణలు, పూడిక, గుర్రపుడెక్కతో ఆ ఒక్క దారీ ఇరుకైంది. వరదలో నీరు తొందరగా పోదు. వేసవిలో కొల్లేటి మట్టం పడిపోతే సముద్రపు పోటు ఉప్పుటేరు గుండా వెనక్కి ఎగదన్నుతుంది. వానాకాలం మునక, ఎండాకాలం ఉప్పు! చుట్టూ నీళ్లున్న లంక గ్రామాల్లో జనం తాగేనీటిని డబ్బాల్లో కొనుక్కోవాల్సి రావడం ఈ కథలో అన్నిటికన్నా బాధపెట్టే సంగతి.

ఐదో కాంటూరు గొడవ

కొల్లేటి గురించి మాట్లాడితే వినిపించే మాట 'ఐదో కాంటూరు'. సముద్రమట్టానికి ఐదడుగుల ఎత్తున సరస్సు చుట్టూ గీసిన ఊహారేఖ అది. 1999లో ఆ రేఖ లోపలున్న 308 చదరపు కిలోమీటర్లను ప్రభుత్వం వన్యప్రాణి అభయారణ్యంగా ప్రకటించింది. సంప్రదాయ పద్ధతుల్లో చేపలు పట్టుకోవడాన్ని కాదనలేదు. చెరువుల్లో పెంపకాన్ని మాత్రం వద్దంది. 2002 ఆగస్టులో కొల్లేరు రాంసర్ జాబితాకెక్కింది. చిత్తడినేలల రక్షణ కోసం 1971లో ఇరాన్‌లోని రాంసర్ పట్టణంలో కుదిరిన అంతర్జాతీయ ఒప్పందమిది. ప్రపంచమంతా విలువైనదని ఒప్పుకున్న సరస్సుల పక్కన మన కొల్లేటి పేరు చేరింది.

పేరొచ్చింది కానీ గట్లు అలాగే ఉన్నాయి. విషయం సుప్రీంకోర్టుకు వెళ్లింది. 2006లో 'ఆపరేషన్ కొల్లేరు' పేరుతో యంత్రాలు దిగాయి. అభయారణ్యంలోని చెరువుల గట్లను వరసగా కొట్టేశారు. ఏళ్ల తర్వాత కొల్లేటి నీరు ఆ మూల నుంచి ఈ మూలకు అడ్డులేకుండా పారింది.

ఆ రోజుల్లో చాలామంది కళ్లలో ఆనందం, ఇంకా చాలామంది కళ్లలో నీళ్లు. పెద్ద లీజుదారు మరోచోట చెరువు చూసుకోగలడు. సంఘం చెరువులో వాటా తప్ప మరేమీ లేని వడ్డీ కుటుంబం ఎక్కడికి పోతుంది? అక్రమ చెరువులతో పాటు ఒకప్పుడు ప్రభుత్వమే ఇచ్చిన సంఘాల చెరువులూ పోయాయి. వేటకు మళ్లుదామంటే సరస్సులో వెనకటి చేప లేదు. పరిహారం గురించి, ఇతర ఉపాధి గురించి చెప్పిన మాటలు అందరి గడపా తొక్కలేదు. దాంతో కొల్లేటి గ్రామాల్లో ఓ అపనమ్మకం పాతుకుపోయింది... పర్యావరణం అంటే తమ పొట్ట మీద కొట్టడమేనని.

ఆ అపనమ్మకం మీదే రాజకీయం నడిచింది. ఐదో కాంటూరును మూడుకు తగ్గించాలని 2008లో శాసనసభ తీర్మానించింది. కేంద్రం వేసిన నిపుణుల సంఘం దాన్ని పరిశీలించింది. ఈలోగా కొట్టేసిన గట్లు చాలాచోట్ల మళ్లీ లేచాయి. అభయారణ్యం హద్దులు, అందులోని ప్రైవేటు భూముల సంగతి 2025లోనూ సుప్రీంకోర్టు ముందుకు వచ్చాయి. కొల్లేటి చాంతాడు అనే మాటకు కొత్త అర్థం చెప్పినట్టయింది!

గట్టు కొట్టడం ఒక్కరోజు పని. గట్టు మళ్లీ లేవకుండా చూడటం అక్కడివాళ్ల చేతిలో పని. సరస్సు బాగుంటేనే తన కుటుంబం బాగుంటుందని లంకలోని మనిషికి అనిపించనంత కాలం ఏ రేఖా నిలవదు. ఈ ఇరవై ఏళ్ల అనుభవం చెబుతున్నది ఇదే.

బుడమేరు గుర్తుచేసింది

2024 సెప్టెంబరు మొదటి రోజుల్లో బుడమేరు పొంగి విజయవాడను ముంచెత్తింది. మేడల మొదటి అంతస్తుల దాకా నీళ్లు. పడవల మీద పాలు, అన్నం పొట్లాలు. టీవీల్లో రాష్ట్రమంతా చూసింది. ఆ తర్వాత టీవీలు చూపించడం తగ్గించినా వరద ఆగలేదు. అక్కణ్నుంచి కొల్లేటికి చేరింది. లంక గ్రామాల రోడ్ల మీదికి నీరెక్కింది. బయటికి పోయే దారి ఇరుకు కావడంతో రోజులతరబడి తీయలేదు.

బుడమేరు, కొల్లేరు, ఉప్పుటేరు... మూడు పేర్లు. కానీ పారేది ఒకే నీరు. పైన ఆక్రమిస్తే నగరం మునుగుతుంది. మధ్యలో గట్టు కడితే లంకలు మునుగుతాయి. కింద పూడిపోతే రెండూ మునుగుతాయి. నీటి నాణ్యత కథా అంతే. పైన శుభ్రం చేయని మురుగును మధ్యలో ఎంత గుర్రపుడెక్క తీసినా బాగుచేయలేం.

పొరుగున చిలికా చెప్పే పాఠం

చెడిపోయిన సరస్సు మళ్లీ బాగుపడుతుందా? సమాధానం కోసం మరీ దూరం వెళ్లక్కర్లేదు. ఇచ్ఛాపురం దాటి ఒడిశాలోకి అడుగుపెట్టి, కోల్‌కతా వెళ్లే రైల్లో కిటికీ పక్కన కూర్చుంటే కుడిచేతివైపు కిలోమీటర్లకొద్దీ కనిపించే నీరే చిలికా సరస్సు. అటు గంజాం తీరంలో తెలుగు మాట్లాడే జాలరి కుటుంబాలూ ఉన్నాయి.

చిలికా మంచినీటి సరస్సు కాదు. నది నీరూ సముద్రపు నీరూ కలిసే చోటు. తొంభైల్లో దాని పరిస్థితి కొల్లేటి కన్నా మెరుగ్గా ఏమీ లేదు. మహానది పాయలు తెచ్చిన ఒండ్రుతో సముద్రానికి వెళ్లే దారి పూడుకుపోయింది. నీటిలో ఉప్పు తగ్గి కలుపు పెరిగింది. రొయ్యల కోసం వేసిన అడ్డుకట్టలు మరో తలనొప్పి. ప్రమాదంలో ఉన్న రాంసర్ సరస్సుల జాబితాలో 1993లో చిలికా పేరు చేరింది.

ఒడిశా ప్రభుత్వం ఆ సరస్సు కోసమే ఓ ప్రత్యేక సంస్థను ఏర్పాటుచేసింది. శాస్త్రవేత్తలు నీటి నడక మొత్తం లెక్కగట్టారు. చివరికి 2000 సెప్టెంబరులో ఇసుకదిబ్బను కోసి సముద్రానికి కొత్త ముఖద్వారం తెరిచారు. ఎగువన మట్టి కొట్టుకురాకుండా చెట్ల పెంపకం, నీటి నిల్వ పనులు గ్రామస్థులతో కలిసి చేపట్టారు. ఫలితం చూడండి. 1999-2000లో 1,750 టన్నుల లోపే ఉన్న చేపలు, రొయ్యలు, పీతల దిగుబడి 2001-02కల్లా సుమారు 12,000 టన్నులకు చేరింది. 2002లో ప్రమాద జాబితా నుంచి చిలికా పేరు తీసేశారు. అదే ఏడాది రాంసర్ అవార్డూ వచ్చింది.

చిలికాలో సమస్యలన్నీ తీరిపోలేదు. అక్కడా అక్రమ రొయ్యల అడ్డుకట్టల మీద పోరు నడుస్తూనే వచ్చింది. కొల్లేటికి సముద్రపు ద్వారం తెరవడమూ మందు కాదు, ఉప్పు ఎక్కువైతే మంచినీటి చేప మిగలదు. కానీ ఒక్క సంగతి మాత్రం రుజువైంది. నీటికి దారి ఇస్తే చేప తిరిగొస్తుంది. చేప తిరిగొస్తే సరస్సును కాపాడమని జాలరికి ఎవరూ చెప్పక్కర్లేదు.

ఏం చేయాలి?

చేయాల్సినవి ఎవరికీ తెలియనివి కావు. మొదటిది, మురుగును పుట్టినచోటే శుభ్రం చేయడం. నగరాలు, పట్టణాలు శుద్ధిచేయని నీటిని బుడమేరులోకో తమ్మిలేరులోకో వదలకూడదు. రెండోది, ఉప్పుటేరు. పూడిక తీయాలి, ఆక్రమణలు తొలగించాలి. వేసవిలో ఉప్పునీరు ఎగదన్నకుండా, సరస్సులో కనీస మట్టం నిలిచేలా రెగ్యులేటర్లు కావాలని ఎన్నో ఏళ్లుగా ఇంజినీర్లు చెబుతున్నారు.

మూడోది, చేపల చెరువుల నీరు. అభయారణ్యం బయట చట్టప్రకారం ఉన్న చెరువులు ఉంటాయి. ఉండాలి కూడా. అవి లక్షల కుటుంబాలకు తిండి. కానీ పట్టుబడి నీటిని నేరుగా కాల్వలోకి తోడేయకుండా ముందు ఓ మడుగులో నిలబెట్టవచ్చు. మట్టి అడుక్కి దిగాక, తుంగ, కిక్కిస పెంచిన మడి మీదుగా పారిస్తే సారం చాలావరకు మొక్కలు పీల్చుకుంటాయి. అదేమీ విదేశీ విద్య కాదు. కొల్లేరు చేసిన పనినే చిన్న ఎత్తున చేయించడం. అడుగున మిగిలిన బురద కొబ్బరితోటకు మంచి ఎరువు.

నాలుగోది, సరస్సులోని చేప. గుడ్లు పెట్టే తొలకరి రోజుల్లో వేటకు విరామం. పిల్లచేపను ఊడ్చేసే దోమతెర వలలకు స్వస్తి. ఆ రోజుల్లో జాలరి ఇంట పొయ్యి వెలిగేందుకు భృతి. దేశంలో నిషేధం ఉన్నా దొంగచాటుగా పెంచుతున్న ఆఫ్రికన్ క్యాట్‌ఫిష్ లాంటివి సరస్సులోకి జారకుండా గట్టి నిఘా. చెరువు గట్టు తెగితే చాలు, అది బయటపడి మన కొర్రమీను పిల్లల్నీ, మార్పునూ తినేస్తుంది.

ఐదోది అన్నిటికన్నా ముఖ్యం. సరస్సు లోపల 46, అంచున 76 గ్రామాలున్నాయి. వాటికి చెప్పాల్సిన మాట 'ఖాళీ చేయండి' కాదు, 'కాపలా కాయండి' అని. ఆటపాక వెళ్లి చూస్తే ఇందులో ఉన్న మంచి అర్థమవుతుంది. అక్కడ గూడబాతులు గూళ్లు కట్టుకోవడానికి చెట్లు చాలక అటవీశాఖ ఇనుప స్టాండ్లు నిలబెట్టింది. పక్షులు వాటినీ సొంతం చేసుకున్నాయి. గూడబాతులు, ఎర్రకాళ్ల కొంగలు చూడటానికి శీతకాలంలో జనం వస్తారు. పడవ నడిపేవాడికి, టీ కొట్టువాడికి నాలుగు డబ్బులు. పక్షి బతికినందువల్ల మనిషికి అన్నం దొరికిన చోటది. చేప విషయంలోనూ ఇదే జరగాలి.

పేరంటాలు సాక్షిగా

కొల్లేటికోటలో పెద్దింట్లమ్మ గుడి ఉంది. ఫాల్గుణంలో జాతర. లంకల నుంచీ, ఊళ్ల నుంచీ జనం తరలివస్తారు. ఆ చుట్టుపక్కల ఓ పాత కథ చెప్పుకుంటారు. గజపతుల కాలంలో కొల్లేటి మధ్యనున్న కోటను పట్టుకోలేక శత్రువు, నీటిని సముద్రంలోకి వదిలేద్దామని కాల్వ తవ్వించబోయాడట. ఆ ఆపదలో గజపతి సేనాని ఒకరు తన కూతురిని బలిచ్చాడట. అందుకే ఉప్పుటేరు దారికి పేరంటాల కనుమ అన్న పేరొచ్చిందంటారు. కథలో నిజమెంతో పక్కన పెడితే, కొల్లేటి ప్రాణం ఆ ఒక్క దారిలోనే ఉందని ఇక్కడివాళ్లకు ఎప్పుడో తెలుసు.

ఇవాళ ఆదివారం. చాలా ఇళ్లలో ఈపాటికి చేపల పులుసు ఉడుకుతూ ఉంటుంది. ఆ ముక్క కొల్లేటి పక్క చెరువులోంచే వచ్చి ఉండొచ్చు. దాని వెనక ఎవరి నిద్రలేని రాత్రి ఉందో, ఎక్కడి నీరుందో ఓసారి పిల్లలకు చెప్పండి. గిన్నె కడిగిన నీరు ఏ కాల్వలోకి పోతుందో, ఆ కాల్వ ఏ ఏట్లో కలుస్తుందో వాళ్లతో కలిసి ఆరా తీయండి.

రేపు తెల్లవారుజామునా కొల్లేటి గట్టు మీద ఆ టార్చిలైటు వెలుగుతుంది. చేపలు నీటిలోకి మునిగాయా, తేలాయా అని చూస్తుంది. చెరువుకు కాపలాదారు ఉన్నాడు. కొల్లేటికీ కావాలి.